సిక్లిడ్ల సంసారం: కమ్యూనిటీ ట్యాంక్‌లో గుడ్లు, పిల్లలు, గొడవలు

(హైదరాబాద్‌లో అక్వేరియం పెంచేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి. "సార్, మా ట్యాంక్‌లో ఒక చేపకి పిచ్చెక్కిందండీ. నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ అన్నిట్నీ తరిమి తరిమి కొడుతోంది." ఏ చేప అని అడుగుతాను. కన్విక్టో, ఏంజెలో, జువెలో, ఏదో ఒక సిక్లిడ్ పేరే చెప్తారు. సిక్లిడ్లంటే ఒక పెద్ద చేపల కుటుంబం, ఇవన్నీ అందులోవే. అయితే ఒకసారి ఆ రాయి వెనక చూడండి, కుండ లోపల చూడండి, ఫిల్టర్ పైపు మీద చూడండి, గుడ్లేమన్నా ఉన్నాయా అంటాను. కాసేపాగి అటునుంచి "అయ్యో, ఉన్నాయండీ! బోలెడున్నాయి!" అంటారు. ఆ గొంతులో సంతోషం వినడం నాకు ఎప్పుడూ ఇష్టమే.

కాబట్టి ఇవాళ మొదటి మాట ఇది. మన కమ్యూనిటీ ట్యాంక్‌లో, అంటే రకరకాల చేపలు కలిసి ఉండే ట్యాంక్‌లో, మనం కొట్లాట అనుకునేది చాలాసార్లు పిల్లల పెంపకం. అది అర్థమైతే ఏం చేయాలో సగం అర్థమైనట్టే. అది అర్థం కాకపోతే ఆ చేపని రౌడీ అని తిట్టి, షాపులో తిరిగి ఇచ్చేసి వస్తాం.

పిల్లల్ని వేసుకుని తిరిగే కోడిపెట్టని చూశారుగా? మామూలప్పుడు మనిషి అలికిడికే పారిపోయే పెట్ట, పిల్లలున్నప్పుడు కుక్క ముఖం మీదికి ఎగురుతుంది. మరి ఆ రోజుల్లో పెట్టకి పిచ్చెక్కిందని ఎవరైనా అంటారా?

చేపల లోకంలో ఎక్కువ జాతులు గుడ్లు వదిలేసి వాటి దారిన అవి పోతాయి. మన చెరువుల్లో బొచ్చె, రోహు సంగతి చూడండి. లక్షల్లో గుడ్లు, వెనక్కి తిరిగి చూడటం ఉండదు. సిక్లిడ్ల దారి వేరు. తక్కువ గుడ్లు పెడతాయి, వాటి మీద ప్రాణం పెడతాయి. ఈ కుటుంబంలో ఇప్పటికే 1,600 పైచిలుకు జాతులకి పేర్లు పెట్టారు. ఆఫ్రికా సరస్సుల్లో, దక్షిణ, మధ్య అమెరికా నదుల్లో ఎక్కువ. తల్లో, తండ్రో, ఇద్దరూనో, ఎవరో ఒకరు పిల్లల్ని కాయని సిక్లిడ్ జాతి లేదు.

ఇవి పూర్తిగా విదేశీ చేపలు కూడా కాదండీ. ఇండియాకి సొంతంగా మూడు సిక్లిడ్లున్నాయి. కేరళవాళ్లు కరిమీన్ అంటారే, 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నారే, అది సిక్లిడే. మన పులికాట్ సరస్సులోనూ దొరుకుతుంది. దాని చుట్టం ఆరెంజ్ క్రోమైడ్, మూడోది కర్ణాటక తీరపు కెనరా పెర్ల్‌స్పాట్. వీటి దగ్గర బంధువులు ఎక్కడున్నాయో తెలుసా? మడగాస్కర్‌లో! ఇక మన చెరువుల్లో జిలేబి అని పిలిచే తిలాపియా కూడా సిక్లిడే. అది మనది కాదు, 1952లో ఇండియాకి తెచ్చారు. దాని సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు కన్విక్ట్ దగ్గరికి వద్దాం. దీని మీదే ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే దీన్ని సరిగ్గా చూసినవాడికి మిగతా సిక్లిడ్లు సులువుగా అర్థమవుతాయి. సొంతూరు సెంట్రల్ అమెరికా. బూడిద ఒళ్లు, నిలువు నల్ల చారలు. మగది పెద్దది, పై రెక్క కొస పొడుగ్గా సాగి ఉంటుంది. ఆడది చిన్నది, కానీ పొట్ట మీద నారింజ రంగు మచ్చ ఉండేది దానికే. చేపల్లో రంగులు మగవాటికే అనుకుంటాం కదా, ఇక్కడ తిరగబడింది.

జత ఎలా కుదురుతుంది? పక్కపక్కన నిలబడి రెక్కలన్నీ విప్పుతాయి. తోకతో ఒకదాని వైపు ఒకటి నీళ్లు కొడతాయి. ఒక్కోసారి నోరూ నోరూ పట్టుకుని గుంజుకుంటాయి. కొత్తవాళ్లు చూస్తే చంపుకుంటున్నాయనుకుంటారు. అవి ఒకదాని బలం ఒకటి చూసుకుంటున్నాయి. అందుకే చెప్తాను, ఒక మగ, ఒక ఆడ ఏరి తెచ్చి పెళ్లి చేయకండి. చిన్నవి ఆరేడు తెచ్చి కలిపి పెంచండి. జత అవే ఎంచుకుంటాయి. మనం కుదిర్చిన జతలో ఆడది చచ్చి తేలడం నేను చాలా ఇళ్లలో చూశాను.

జత కుదిరాక శుభ్రం మొదలవుతుంది. రాయినో, కుండ లోపలి గోడనో నోటితో గీకి గీకి తుడుస్తాయి. ఇసుక నోట్లో పట్టి తీసుకెళ్లి దూరంగా ఉమ్ముతాయి. నిన్న మీరు నాటిన మొక్క ఇవాళ పైన తేలుతుంది. అప్పుడు వాటి పొట్ట కింద చూడండి, చిన్న గొట్టం బయటికొచ్చి ఉంటుంది. మగదానికి సన్నగా మొనదేలి, ఆడదానికి లావుగా మొద్దుగా. అది కనిపించిందంటే గుడ్లు ఇవాళో రేపో.

ఆడది గోడకి పొట్ట ఆనించి వరసగా గుడ్లు అంటించుకుంటూ పోతుంది, వెనకే మగది. వందకి తక్కువ కాకుండా ఉంటాయి, పెద్ద ఆడదైతే రెండు మూడు వందలు. నీళ్లు 26, 27 డిగ్రీలుంటే మూడు రోజులకి పగులుతాయి. ఆ మూడు రోజులూ తల్లి గుడ్ల ముందే నిలబడి రెక్కలతో విసురుతుంది. రాత్రి చీకట్లో కూడా విసురుతుంది. గుడ్డుకి ఆక్సిజన్ అందాలి కదా! తండ్రి ఎక్కువగా బయటి కాపలా. మధ్యలో తల్లి ఒక గుడ్డు నోట్లో వేసుకోవడం కనిపిస్తే కంగారుపడకండి. తెల్లబడిన గుడ్డు అది, బూజు పడుతుంది. పక్క గుడ్లకి అంటకముందే తీసేస్తోంది.

మూడో రోజు గుడ్లు మాయం. ఇక ఫోన్! "సార్, పిల్లల్ని మింగేసింది, నా కళ్లతో చూశాను." మింగలేదండీ, ఇల్లు మార్చింది. పగిలిన గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఈదలేదు. తల మీద జిగురు గ్రంథులుంటాయి, ఎక్కడ పెడితే అక్కడ అతుక్కుని తోక ఆడిస్తూ ఉంటుంది. తల్లీ తండ్రీ వాటిని నోట్లో పెట్టుకుని తీసుకెళ్లి ముందే తవ్విన గుంటలో ఉమ్ముతాయి. మర్నాడు ఇంకో గుంటలోకి. ఇంకో నాలుగైదు రోజులకి పొట్టలోని పచ్చసొన అయిపోతుంది, పిల్లలన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఆ దృశ్యం చూడనివాళ్లు ఎవరైనా ఉంటే, ఈసారి ఆ రోజు సెలవు పెట్టండి. నిజంగా చెప్తున్నాను.

అసలు పెంపకం అప్పుడు మొదలవుతుంది. తల్లి అడుగున పడ్డ ఆకుని నోటితో పట్టి తిరగేస్తుంది. ఎందుకు? ఆకు కింద సూక్ష్మజీవులుంటాయి, పిల్లలు అవి తింటాయి. అడుగున ఆనుకుని రెక్కలు కొట్టుకుని మట్టి లేపుతుంది, అందులోనూ తిండే. చీకటి పడే ముందు తప్పిపోయినవాటిని నోట్లో ఏరుకుని గుంటలోకి చేరుస్తాయి. ఇలా నాలుగు నుంచి ఆరు వారాలు. ఇంకో సంగతి, నన్ను చాలా ఆలోచింపజేసింది. ఊళ్లో, అంటే వాటి సొంత వాగుల్లో, కన్విక్ట్ జతలు పరాయి పిల్లల్ని కూడా తమ గుంపులో చేర్చుకుంటాయి. అయితే తమ పిల్లలకంటే చిన్నవాటినే. శత్రువు గుంపు మీద పడితే, పరాయి పిల్ల పోయే అవకాశం ఎక్కువ, సొంత పిల్ల బతికే అవకాశం ఎక్కువ. ప్రేమా ఉంది, లెక్కా ఉంది.

కాన్రాడ్ లోరెంజ్ పేరు వినే ఉంటారు, ఆస్ట్రియా శాస్త్రవేత్త, జంతువుల ప్రవర్తన మీద చేసిన పనికి 1973లో నోబెల్ వచ్చింది. ఆయన ట్యాంక్‌లో జువెల్ సిక్లిడ్ జత ఉండేది. సాయంత్రం తండ్రి పిల్లల్ని గూటికి చేరుస్తోంది. అదే సమయంలో వానపాము ముక్క దొరికింది, నోట్లో పెట్టుకుని నములుతోంది. ఇంతలో ఒక పిల్ల తప్పిపోయి ఎదురొచ్చింది. వెంటనే దాన్నీ నోట్లోకి తీసుకుంది. ఇప్పుడు నోట్లో రెండున్నాయి. ఒకటి పొట్టలోకి పోవాలి, ఒకటి గూట్లోకి పోవాలి. ఏం చేసి ఉంటుంది? కాసేపు అలాగే ఆగిపోయింది. తర్వాత రెంటినీ బయటికి ఉమ్మేసింది. పిల్ల మీద ఒక కన్నుంచి, నింపాదిగా వానపాము తినేసి, ఆ తర్వాత పిల్లని నోట్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. చేపకి ఆలోచన ఉండదని ఎవరన్నా అంటే నేను ఈ ఒక్క సంగతి చెప్తాను.

సరే, మరి గొడవ ఎక్కడొస్తోంది? ప్రేమగా పెంచుకుంటున్నాయి, బాగుంది. మిగతా చేపలెందుకు చస్తున్నాయి?

వాగులో కన్విక్ట్ తన గూడు చుట్టూ కొంత దూరం తనదనుకుంటుంది. వేరే చేప వస్తే తరుముతుంది. ఆ చేప నాలుగడుగులు అవతలికి పోతుంది. గొడవ అయిపోయింది. ఇప్పుడు మీ ట్యాంక్ చూడండి. మూడడుగుల పొడవు. తరిమిన చేప ఎక్కడికి పోతుంది? అద్దం దగ్గరికి. అద్దం దగ్గర ఆగిందంటే, కన్విక్ట్ దృష్టిలో అది ఇంకా పోలేదు. మళ్లీ తరుముతుంది. మళ్లీ అద్దం. ఓడినవాడికి పారిపోయే చోటు లేదు, గెలిచినవాడికి గెలిచానని తెలియదు. తప్పు చేపది కాదు, కొలతది.

ఏ చేప ఓడిపోతోందో గుర్తుపట్టడం నేర్చుకోండి. పైన మూలలో హీటర్ వెనక కదలకుండా నిలబడుతుంది, రంగు మాడిపోతుంది, రెక్కలు చిరిగి ఉంటాయి, మేత వేస్తే రాదు. అలా కనిపిస్తే రేపు చూద్దాం అనుకోకండి. ఆ రోజే తీసేయండి. చాలామంది నన్ను అడుగుతారు, జతని తీయాలా, మిగతావాటిని తీయాలా అని. నా మాటైతే మిగతావాటిని తీయండి. గుడ్లున్నప్పుడు జతని కదిపితే గుడ్లు వదిలేస్తాయి, లేదా తినేస్తాయి. వేరే ట్యాంక్ లేదంటారా? మధ్యలో అద్దం దించండి. ప్లాస్టిక్ జాలీ పెడితే పెద్దవి ఆగుతాయి గానీ పిల్లలు సందుల్లోంచి అవతలికి పోతాయి, అవతలివాళ్లకి విందు.

ఇదంతా గుడ్లు పెట్టాక. అంతకుముందే ట్యాంక్ సర్దుకుంటే ఇంకా మంచిది. కుండ ఒక చివరికి పెట్టండి, మధ్యలో పెట్టకండి. మధ్యలో ఉంటే రెండు వైపులా వాళ్ల రాజ్యమే అవుతుంది. మధ్యలో రాళ్లతో, మొద్దులతో చూపుకి అడ్డం కట్టండి. కనపడని చేపని తరమదు. కడప రాయి ముక్కలు బాగా పనికొస్తాయి, చౌక కూడా. అయితే అది సున్నపురాయి జాతి, నీటి కఠినత్వం పెంచుతుంది. కన్విక్ట్‌లకీ, ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్లకీ మంచిదే, డిస్కస్ అనే సిక్లిడ్‌కి వద్దు. రాత్రి పూట సక్కర్ ఫిష్, క్యాట్‌ఫిష్‌లు గుడ్ల మీద పడతాయి, చీకట్లో తల్లికి కనపడవు. గుడ్లున్నన్నాళ్లు గదిలో చిన్న జీరో బల్బు వేసి ఉంచండి.

ఇక్కడొక విచిత్రం ఉంది. అన్ని చేపల్నీ తీసేసి జతని ఒంటరిగా ఉంచితే ప్రశాంతంగా ఉంటాయనుకుంటాం. ఒక్కోసారి అప్పుడే మగది ఆడదాని మీద పడుతుంది. తరమడానికి బయటివాడు లేడు, కోపం ఇంట్లో దిగుతుంది. అందుకే పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్లు పైపైన చురుగ్గా ఈదే చేపల్ని, స్వోర్డ్‌టెయిల్స్ లాంటివి, కొన్ని ఉంచుతారు. దొరకవు, కానీ కనపడుతూ ఉంటాయి. పైగా పైన చేపలు నిర్భయంగా తిరుగుతుంటే పిరికి సిక్లిడ్లకి ధైర్యం వస్తుంది. దీని మీద జార్జ్ బార్లో అనే అమెరికన్ శాస్త్రవేత్త 1968లోనే రాశాడు. మూడడుగుల ట్యాంక్‌లో మాత్రం ఈ ప్రయోగం వద్దు. నాలుగడుగులు, ఆ పైన అయితేనే.

ఏంజెల్స్ ఉన్నవాళ్లు చేతులెత్తండి. అబ్బో, చాలామంది ఉన్నారు. మీ అందరిదీ ఒకటే కంప్లైంట్ కదా, గుడ్లు తినేస్తున్నాయని? ఏంజెల్ వెడల్పాటి ఆకు మీదో, ఫిల్టర్ పైపు మీదో నిలువుగా గుడ్లు పెడుతుంది. మొదటి రెండు మూడు సార్లు తినేయడం మామూలే. కుర్ర జత, పని ఇంకా అలవాటు కాలేదు. చుట్టూ చేపలు తిరుగుతుంటే, మనం మాటిమాటికీ టార్చ్ వేసి చూస్తుంటే కూడా తింటాయి. ఎలాగూ బతకనివ్వరనిపిస్తే ఆ బలాన్ని మళ్లీ ఒంట్లోకి తీసుకుంటాయి. ఇంకో కారణం ఉంది. ఫారాల్లో దశాబ్దాలుగా గుడ్లని తల్లి దగ్గర్నుంచి తీసేసి, మిథిలిన్ బ్లూ, అంటే బూజు పట్టకుండా వేసే నీలం మందు, కలిపిన నీళ్లలో పొదిగిస్తున్నారు. తల్లితనం బాగున్నదీ లేనిదీ అక్కడ ఎవరూ చూడరు. ఓపిక పట్టండి, అవకాశాలు ఇవ్వండి. తల్లీ తండ్రీ పెంచిన ఏంజెల్ పిల్లల్ని చూస్తే ఆ ఓపికకి ఫలితం తెలుస్తుంది. ఒకవేళ ప్రతిసారీ రెండో రోజుకల్లా గుడ్లన్నీ తెల్లబడిపోతుంటే, అనుమానించాల్సింది వేరే. మీ జతలో రెండూ ఆడవే అయ్యుండొచ్చు. మగది లేకపోతే రెండు ఆడ ఏంజెల్స్ జత కట్టి గుడ్లు పెడతాయి.

మలావీ సరస్సు చేపలు, యెల్లో ల్యాబ్ లాంటివి, గూడు కట్టవు. తల్లి నోరే గూడు. ఆడది గుడ్డు పెట్టిన వెంటనే వెనక్కి తిరిగి నోట్లోకి తీసుకుంటుంది. మరి మగదాని వంతు ఎప్పుడు? మగదాని కింది రెక్క మీద పసుపు గుండ్రటి మచ్చలుంటాయి చూశారా? అచ్చం గుడ్లలా ఉంటాయి. ఆడది వాటినీ గుడ్లనుకుని నోటితో అందుకోబోతుంది. ఆ క్షణంలో మగది వీర్యం వదులుతుంది, నోట్లోనే గుడ్లు ఫలదీకరణ అవుతాయి. 1962లో వోల్ఫ్‌గాంగ్ విక్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇలా వివరించాడు. ఆ తర్వాత దాదాపు మూడు వారాలు తల్లి తినదు. గొంతు కింద ఉబ్బి ఉంటుంది, మేత వేస్తే వచ్చి చూసి వెళ్లిపోతుంది. ఆ చూపు చూస్తే జాలేస్తుంది. మనం ఏం చేస్తాం? ఆశ ఆపుకోలేక వలతో పట్టి, నోరు తెరిచి పిల్లల్ని కక్కిస్తాం. మొదటివారంలో అస్సలు చేయకండి. తల్లి మరీ చిక్కిపోయిందనుకుంటే వేరే చిన్న ట్యాంక్‌లో పెట్టండి, తనంతట తను వదులుతుంది. తర్వాత వారం రోజులు అక్కడే మంచి మేత పెట్టి, ఒళ్లు చేశాకే మగవాటి మధ్యకి పంపండి.

ఆఫ్రికాలోనే ఉన్న టాంగన్యీకా సరస్సులో ఈ నోటి గూటికీ ఒక దొంగ ఉంది. కుకూ క్యాట్‌ఫిష్. సిక్లిడ్లు గుడ్లు పెట్టే సమయానికి మధ్యలో దూరి తన గుడ్లు వదులుతుంది. తల్లి వాటినీ నోట్లోకి తీసుకుంటుంది. క్యాట్‌ఫిష్ పిల్లలు ముందు పుట్టి, ఆ నోట్లోనే సిక్లిడ్ పిల్లల్ని తినేస్తాయి. కాకి గూట్లో కోయిల కూడా ఇంత పని చేయదు.

డిస్కస్ గురించి ఒక్క మాటే చెప్తాను, దాని నీళ్ల గొడవే వేరే ప్రసంగం. ఈత నేర్చిన పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీద ఊరే జిగురు తిని బతుకుతాయి. ఇద్దరూ వంతులవారీగా పిల్లల్ని మేపుతారు. మన ఆరెంజ్ క్రోమైడ్ పిల్లలు కూడా తల్లిదండ్రుల ఒంటిని అలాగే చప్పరిస్తాయి! డిస్కస్‌కి అంత ఖర్చు పెడతాం, మన నీళ్ల చేపని ఎంతమంది పెంచుతున్నాం? ఇది నేను మనసులో మాటగా అడుగుతున్నాను.

ఇక పిల్లలు బతికాక. ఫిల్టర్ నోటికి స్పాంజ్ కట్టండి, లేకపోతే సగం పిల్లలు అందులోకే పోతాయి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే రొయ్యలాంటి బుల్లి ఉప్పునీటి జీవి పిల్లలు, అన్నిటికంటే మంచి మేత. దాని గుడ్లు ఉప్పునీళ్లలో వేసి గాలి పెడితే 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో సిద్ధం. ఉడికిన గుడ్డు పచ్చసొన కూడా వేస్తారు, కానీ నీళ్లు తొందరగా పాడవుతాయి. వందల పిల్లలంటే వాటి వ్యర్థంలోంచి పుట్టే విషం, అమ్మోనియా, కూడా అంతే. రోజూ కొద్దికొద్దిగా నీళ్లు మార్చండి, క్లోరిన్ పోయిన నీళ్లే పోయండి. మన ఎండాకాలంలో ట్యాంక్ నీళ్లు 31, 32 దాకా పోతాయి. గుడ్లు తొందరగా పగులుతాయి, బాగుంది. కానీ వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, కరెంటు పోతే ఎయిర్ పంపు ఆగుతుంది. పిల్లలున్న ఇంట్లో బ్యాటరీ పంపు ఒకటి ఉండి తీరాలి.

ఇప్పుడు ఎవరికీ ఇష్టం లేని ప్రశ్న. కన్విక్ట్ జత వారాల వ్యవధిలోనే మళ్లీ గుడ్లు పెడుతుంది. ఆ వందల పిల్లల్ని ఏం చేస్తారు? షాపువాడు వద్దంటాడు, స్నేహితులు ఫోనెత్తరు. అప్పుడు ఎవరో అంటారు, చెరువులో వదిలేద్దాం, పుణ్యం అని. దయచేసి ఆ పని చేయకండి. అమెరికాలో నెవాడా ఎడారిలో వెచ్చటి ఊటలున్నాయి, లోకంలో ఇంకెక్కడా లేని చిన్న చేపలు అక్కడుంటాయి. ఎవరో వదిలిన కన్విక్ట్‌లు అక్కడ స్థిరపడి వాటిని దెబ్బతీశాయి. అంత దూరం ఎందుకు, మన చెరువుల్లో తిలాపియా ఎలా నిండిపోయిందో చూస్తూనే ఉన్నాం. సక్కర్ ఫిష్‌లు జాలర్ల వలలు చింపుతున్నాయి. పిల్లల్ని నోట్లో పెట్టుకుని కాపాడుకునే చేపకి కొత్త చెరువు గెలవడం కష్టం కాదు.

మరేం చేయాలి? గుడ్ల దశలోనే నిర్ణయించుకోండి. పెంచలేనంటే ఆ రాయి తీసేయండి, లేదా మిగతా చేపల పని వాటిని చేయనివ్వండి. మగవాటినే గానీ ఆడవాటినే గానీ ఉంచుకోండి. ఆడ కన్విక్ట్‌లు మగ లేకుండా గుడ్లు పెట్టినా అవి పొదగవు. ఏడాదికి ఒక్క జట్టు పిల్లల్ని పెంచండి, బాగా పెంచండి, తీసుకునేవాళ్లని ముందే మాట్లాడుకోండి. మన గ్రూప్‌లోనే అడగండి, కావలసినవాళ్లుంటారు. పిల్లలు అంగుళం దాటాక ఇవ్వండి, తల్లిదండ్రులేవో చెప్పి ఇవ్వండి. మలావీ చేపలైతే మరీ ముఖ్యం. ఒకే ట్యాంక్‌లో వేరువేరు జాతులు కలిసి సంకరం అవుతాయి, ఆ పిల్లల్ని అసలు జాతి పేరుతో ఎవరికీ ఇవ్వకండి.

ఇక ప్రశ్నలు తీసుకుందాం. ముందు వరసలో అమ్మా, మీరు ఇందాకటి నుంచి చెయ్యెత్తారు, చెప్పండి.